చిన్నప్పటి కథల్ని నలభైలో మళ్లీ వినడం ఎలా: ముందు ఆ చేపని ఎండలోకి జరపండి

ముందు ఒక పని చేయండి. ఏడు చేపల కథ ఇప్పుడే, ఫోన్‌లో వెతక్కుండా, పైకి చెప్పండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లకి, లేకపోతే గోడకి. గోడకి చెవులే గానీ నోరు లేదు కాబట్టి సిగ్గుపడక్కర్లేదు.

చెబుతుంటే ఎక్కడో ఒకచోట తడబడతారు. గడ్డిమేటు తర్వాత ఆవా, పాలేరా? అవ్వ అన్నం ఎందుకు పెట్టలేదు? నాకైతే పాలేరు దగ్గర ఆగిపోయింది. మీకు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత.

చిన్నప్పుడు విన్న కథల్లోంచి ఈ వయసులో పనికొచ్చేది తీయాలంటే ఒక పద్ధతి ఉంది, అది బళ్లో మనకి నేర్పినదానికి సరిగ్గా తలకిందులు. బళ్లో కథ చివర 'నీతి' అని ఒక వాక్యం ఉండేది. దురాశ దుఃఖానికి చేటు. ఐకమత్యమే మహాబలం. పరీక్షలో ఆ వాక్యం రాస్తే రెండు మార్కులు. అవన్నీ మనకి కంఠతా వచ్చు, వచ్చి కూడా ఇలాగే ఉన్నాం, అంటే అసలు సరుకు అక్కడ లేదన్నమాట. పెద్దవాళ్లకి పనికొచ్చేది కథ మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఎవరో ఒకరు ఒక చిన్న పని చేసిన చోట, లేదా చేయాల్సింది చేయకుండా నిలబడిన చోట. కాబట్టి కథ చదివేటప్పుడు చివరి నీతివాక్యం మీద వేలు పెట్టి మూసేయండి. మొదటి మెట్టు అంతే.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. పంచతంత్రం పుట్టిందే పసిపిల్లల కోసం కాదు. మహిళారోప్యం అనే పట్టణాన్ని ఏలే అమరశక్తి అనే రాజుకి చదువు ఒంటబట్టని ముగ్గురు కొడుకులు, వాళ్లని ఆరు నెలల్లో నీతిశాస్త్రంలో దిట్టలని చేస్తానని విష్ణుశర్మ మాటిచ్చాడు, అందుకోసం అల్లిన కథలివి అని ఆ పుస్తకమే మొదట్లో చెప్పుకుంటుంది. అక్కడ నీతి అంటే బుద్ధిమంతుడిగా ఉండటం అని కాదు, ఎవర్ని నమ్మాలి, ఎప్పుడు కలవాలి, ఎప్పుడు తప్పుకోవాలి అనే లోకజ్ఞానం. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చాక ఆ కథలు మన బళ్లలో పాఠాలయ్యాయి, ఆ తర్వాత బొమ్మల పుస్తకాలయ్యాయి, చివరికి బువ్వ తినిపించేటప్పుడు చెప్పుకునేవిగా మిగిలాయి. రాజ్యాలు నడిపేవాళ్లకి చెప్పిన కథని మనం రెండేళ్ల పిల్లకి పప్పన్నంతో కలిపి పెడుతున్నాం. పిల్ల తింటే మంచిదే, కానీ ఆ ముద్ద మనదీ.

చేప సంగతి

అనగనగా ఒక రాజు, ఆయనకి ఏడుగురు కొడుకులు, వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. ఎందుకెండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చింది, మేటేమో ఆవు మేయలేదంది, ఆవు పాలేరు మేపలేదంది, పాలేరు అవ్వ అన్నం పెట్టలేదన్నాడు, అవ్వ పిల్లాడు ఏడ్చాడంది, పిల్లాడు చీమ కుట్టిందన్నాడు, చీమ మాత్రం 'నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?' అంది. కథ కంచికి, మనం ఇంటికి. కొన్ని ఊళ్లలో అవ్వకి బదులు అమ్మ ఉంటుంది, పాలేరుకి బదులు గొల్లవాడు. ఫర్వాలేదు, మీ ఇంట్లో విన్నదే మీకు అసలుది.

ఇందులో మొదట చూడాల్సింది అడిగే తీరు. 'చేపా చేపా, ఎందుకెండలేదు?' అని రెండుసార్లు ముద్దుగా పిలిచి, ఎవర్ని అడగాలో వాళ్లనే అడుగుతారు. గడ్డిమేటు దగ్గరికెళ్లి 'చేప నీ గురించి ఏమందో తెలుసా' అని మొదలెట్టరు. చేప చెప్పింది చేప దగ్గరే వదిలేసి, మేటుని మళ్లీ కొత్తగా అడుగుతారు. మన ఇళ్లల్లో, ఆఫీసుల్లో ఈ ఒక్క ముక్కే జరగదు. యంత్రం ఆగితే అయిదుసార్లు వరసగా 'ఎందుకు' అని అడుగుతూ అసలు కారణం దాకా వెళ్లడం జపాన్‌లో టయోటా వాళ్ల పద్ధతి అని మేనేజ్‌మెంట్ ట్రైనింగుల్లో చెప్తారు, నేనూ నెక్‌టై కట్టుకుని కూర్చుని విన్నాను. లెక్కపెట్టి చూడండి, మా అమ్మమ్మ ఏడుసార్లు అడిగేది.

తర్వాత పాలేరు. నేను ఆగిపోయిన చోటు. అవ్వ అన్నం పెట్టలేదు, అందుకని ఆవుని తోలుకెళ్లలేదు. చిన్నప్పుడు ఇదొక సాకులా వినపడేది. కిందటేడు మా ఇంట్లో పనిచేసే ఆవిడకి జీతం ఇవ్వడం తొమ్మిది రోజులు ఆలస్యం చేశాను, బ్యాంకు యాప్ పనిచేయట్లేదని ఒకరోజు, మర్చిపోయి మిగతా ఎనిమిది రోజులు. ఆవిడ రెండు రోజులు రాకపోతే 'ఈ మధ్య ఎవరికీ పని మీద శ్రద్ధ లేదు' అని ఫోన్‌లో మా తమ్ముడికి గంభీరంగా చెప్పాను. ఆ రాత్రే కథ చెబుతూ పాలేరు దగ్గర తడబడ్డాను. మీరు తడబడిన చోట కూడా ఇలాంటిదే ఏదో ఉందని నేను గ్యారంటీ ఇవ్వలేను, ఉత్త మతిమరుపే కావచ్చు, కానీ ఒకసారి ఆగి చూసుకోవడానికి డబ్బులేం పోవు.

ఇక అసలు విషయం, ఇది నాకు నలభై దాటాకే తట్టింది. ఏడుగురు రాజకుమారులు. వేటాడి వచ్చిన ఒళ్లు. ఒక చేప నీడలో పడి ఉంది. దాన్ని తీసి రెండు మూరలు అవతల ఎండలో పెడదాం అని ఒక్కడంటే ఒక్కడికి తోచలేదు! ఆవుని అడిగారు, అవ్వని అడిగారు, చివరికి చీమతో మాట పడ్డారు, ఈలోపు పొద్దు కూకింది, చేప కుళ్లింది (ఇది నేను కలిపాను, కానీ కుళ్లక ఏమవుతుంది). మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లాటు పైపు కారి కింద ఫ్లాటు గోడ చెమ్మగిల్లినప్పుడు మూడు మీటింగులు జరిగాయి, బిల్డర్‌దా, ఓనర్‌దా, అద్దెకున్నవాళ్లదా, అసోసియేషన్‌దా అని. మూడో మీటింగుకి కింద ఫ్లాటు స్విచ్‌బోర్డులో నీళ్లు దిగాయి. ఆ పైపుకి వాల్వు ఉంది, దాన్ని మొదటి రోజే కట్టేయొచ్చు.

అందుకని ఇలా చేయండి. ఈ వారం మీ ఇంట్లో ఎండని చేప ఏదో ఒకటి కాగితం మీద రాయండి, అబ్బాయికి లెక్కల్లో మార్కులు తగ్గడమో, నెలాఖరుకి డబ్బు చాలకపోవడమో. దాని కింద గీత గీసి, ఈ రోజు చీకటి పడేలోపు చేపని ఏ రెండు మూరలు జరపగలరో అది రాసి, చేసేయండి. చేశాకే గడ్డిమేటు దగ్గర మొదలుపెట్టి చీమ దాకా వెళ్లండి. వెళ్లాలి కూడా, లేకపోతే రేపు ఇంకో చేప. కానీ వరస మాత్రం అదే, ముందు చేప, తర్వాత చీమ. ఇంకోటి, చీమ దాకా వెళ్తే చాలాసార్లు పుట్టలో పెట్టిన వేలు మనదే అయ్యుంటుంది, దానికి కాస్త సిద్ధపడి వెళ్లండి.

నచ్చని పాత్రలో దూరి చూడండి

రెండో మెట్టు కొంచెం కష్టం. కథలో మీకు ఎవరంటే ఒళ్లు మంటో వాళ్ల వైపు నుంచి కథ చెప్పండి. దీనికి పంచతంత్రంలో మిత్రభేదాన్ని మించింది లేదు.

పింగళకుడనే సింహం, సంజీవకుడనే ఎద్దు ప్రాణస్నేహితులు. దమనకుడనే నక్క వాళ్ల మధ్య చిచ్చుపెట్టి, సింహం చేతుల్లో ఎద్దు చచ్చేలా చేసి, మంత్రిగా హాయిగా కూర్చుంటాడు. చిన్నప్పుడు దీనికి మనం రాసిన నీతి 'చెప్పుడు మాటలు వినరాదు'. సరే, ఇప్పుడు దమనకుడి వైపు నుంచి చూడండి. ఇతను మంత్రి కొడుకు, కొలువు పోగొట్టుకుని మూల కూర్చున్నవాడు. ఎద్దు రంకె విని సింహం బెదిరిపోయి ఆగిపోతే, ధైర్యం చేసి వెళ్లి అది ఉత్త ఎద్దేనని తెలుసుకుని, వాళ్లిద్దరికీ స్నేహం కలిపింది ఇతనే. స్నేహం కుదిరాక ఏం జరిగింది? సింహం రాత్రింబవళ్లు ఎద్దుతో కబుర్లలో పడి వేట మానేసింది. సింహం తిని వదిలేసిన దాని మీద బతికే పరివారమంతా పస్తులు. ఆ పస్తుల్లోంచి పుట్టింది ఆ కుట్ర.

దమనకుడు మంచివాడు అనట్లేదు, వాడు ఒట్టి దుర్మార్గుడే. కానీ మీ కింద పదిమంది పనిచేస్తుంటే, మీకు ఒకరితో మాట కలిసి రోజూ వాళ్లతోనే టీకి వెళ్తుంటే, మీరు సింహమే. మీకు నచ్చిన మనిషి మీకు దొరికేసరికి మిగతావాళ్లకి మీరు దొరకట్లేదు. దమనకుడు ఊరికే తయారవడు, అతనికి తిండి ఆగిన రోజు ఒకటుంటుంది.

ఇప్పుడు వాడు వాడిన కిటుకు చూడండి, ఇది తెలిస్తే చాలా గొడవలు తప్పుతాయి. సింహంతో 'ఎద్దు నిన్ను చంపాలని చూస్తోంది, కొమ్ములు వంచి వస్తుంది చూడు' అన్నాడు. ఎద్దు దగ్గరికెళ్లి 'సింహం నిన్ను తినబోతోంది, కళ్లు ఎర్రచేసి చెవులు నిక్కబొడుచుకుని ఉంటుంది చూడు' అన్నాడు. ఇద్దరూ భయపడ్డారు. భయపడ్డ ఎద్దు కొమ్ములు వంచక ఏం చేస్తుంది, భయపడ్డ సింహం చెవులు నిక్కించక ఏం చేస్తుంది? ఒకరిలో ఒకరికి సరిగ్గా వాడు చెప్పిన గుర్తులే కనపడ్డాయి. వాడు అబద్ధం చెప్పాడు, ఆ అబద్ధాన్ని నిజం చేసింది వీళ్లిద్దరి కంగారు.

కాబట్టి ఎవరైనా మీతో 'రేపు ఆయన మొహం ఎలా పెడతాడో చూడండి', 'ఫంక్షన్లో మీ వదిన మీతో మాట్లాడదు చూడు' అంటే, ఆ గుర్తులు వెతకడం ఆపేయండి, ఎందుకంటే వెతికితే కచ్చితంగా దొరుకుతాయి. నేరుగా వెళ్లి 'ఏంటి సంగతి, నా మీద ఏమైనా కోపమా?' అని అడగండి. సింహం ఆ ఒక్క మాట అడిగి ఉంటే కథ రెండో పేజీలో అయిపోయేది.

ఇంకో ముచ్చట. ఈ కథలో దమనకుడికి శిక్ష లేదు. 8వ శతాబ్దంలో ఈ కథలు అరబ్బీలోకి వెళ్లాయి, దమనకుడి తోటి నక్క కరటకుడు అక్కడ కలీలా అయ్యాడు, దమనకుడు దిమ్నా అయ్యాడు. ఆ అరబ్బీ పుస్తకంలో దిమ్నాని పట్టుకుని విచారణ జరిపి శిక్ష వేసే ఒక అధ్యాయం కొత్తగా చేరింది. నాకు అర్థమవుతుంది, చదివినవాడికి కడుపు మండుతుంది కదా. మన దగ్గర మాత్రం ఆ అధ్యాయం లేదు. ఆఫీసులో కూడా ఉండదు, రిటైరయ్యేదాకా ఎదురుచూసినా ఉండదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

మేకని దించే ముందు

బ్రాహ్మడు మేకని భుజాన వేసుకుని వెళ్తుంటే ముగ్గురు దొంగలు దారిలో దూరదూరంగా నిలబడి, ఒకడి తర్వాత ఒకడు 'కుక్కని మోస్తున్నారేంటి స్వామీ' అంటారు. మొదటివాడిని కసిరాడు, రెండోవాడికి ఆగి మేకని చూసుకున్నాడు, మూడోవాడికి దించేసి స్నానానికి పోయాడు. మనకి చిన్నప్పుడు ఆ బ్రాహ్మడంటే నవ్వు.

నేను హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొనబోయి అడ్వాన్సు పోగొట్టుకున్నాక నవ్వడం మానేశాను. ఆ వైపు పెద్ద రోడ్డొస్తోందని నాకు ముగ్గురు చెప్పారు, అక్కడి టీ కొట్టతను, నాతో చదువుకున్న ఒకాయన, బ్యాంకులో పరిచయమైన ఇంకొకాయన. ముగ్గురూ ఒకరికొకరు తెలియదనుకున్నాను. ముగ్గురికీ కమిషన్ ఒకే చోట నుంచి వచ్చేదని తర్వాత తెలిసింది. రోడ్డు రాలేదు.

ఇక్కడ నేర్చుకున్నది: ఎంతమంది చెప్పారని కాకుండా, చెప్పినవాళ్లు ఎక్కడ నుంచి విన్నారని అడగండి. వాట్సాప్‌లో ఆరు గ్రూపుల్లో ఒకే మందు గురించి వచ్చిందంటే ఆరుగురు చెప్పినట్టు కాదు, ఒకడు చెప్పింది ఆరుసార్లు విన్నట్టు. అనుమానం వస్తే మేకని కిందకి దించకుండా, ఆ భుజం మీదే ఉంచుకుని, దారిన పోయే నాలుగోవాడిని మీరే పిలిచి అడగండి. మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి చెప్పినవాడి మాట వేరు, మీరు వెతికి అడిగినవాడి మాట వేరు.

వలలో పడ్డాక ఎవరు ఏమన్నారు

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టం, పైగా మన గోదావరి ఒడ్డు కథ. గోదావరి తీరంలో పెద్ద బూరుగు చెట్టు, దాని మీద కాకి, కింద వేటగాడు నూకలు చల్లి వల పరిచాడు. పైన పావురాల గుంపు, వాటి రాజు చిత్రగ్రీవుడు. మనుషులు లేని అడవిలో నూకలేమిటి, దిగొద్దు అన్నాడు. గుంపులో ఒక ముసలి పావురం 'ఇలా అన్నిటికీ అనుమానపడితే తిండి దొరుకుతుందా' అంది. అందరూ దిగారు. చిత్రగ్రీవుడూ వాళ్లతోపాటు దిగాడు. అందరూ ఇరుక్కున్నారు.

బళ్లో మనం దీనికి 'ఐకమత్యమే మహాబలం' అని రాశాం, వలతో సహా ఎగిరాయి కదా అని. ఆ ఎగరడానికి ముందు జరిగింది చూడండి. ఇరుక్కోగానే పావురాలన్నీ ఆ ముసలిదాన్ని తిట్టడం మొదలెట్టాయి. చిత్రగ్రీవుడు, ముందే వద్దని చెప్పినవాడు, తిట్టే హక్కు ఎవరికైనా ఉంటే అతనికే ఉన్నవాడు, ఆ తిట్లు ఆపాడు. ఆపదలో ఉన్నప్పుడు ఎవరిది తప్పని తేల్చుకోవడం కాదు, బయటపడే దారి చూద్దాం అన్నాడు. అప్పుడు ఎగిరారు. ఆ ఆపడమే లేకపోతే వేటగాడు వచ్చేదాకా వలలో కూర్చుని తగువులాడుకుంటూ ఉండేవాళ్లు.

ఇంట్లో ఎవరో ఒకరు షేర్లలో డబ్బు పోగొట్టుకుని వస్తారు. ఆన్‌లైన్‌లో లోన్ యాప్‌కి దొరికిపోతారు. ఓటీపీ చెప్పేస్తారు. ఆ రోజు మన నాలుక చివర సిద్ధంగా ఉండే మాట 'నేను ముందే చెప్పానా'. నిజంగానే ముందే చెప్పి ఉంటాం, అదే ఇబ్బంది. ఆ మాట మింగడం మామూలు విషయం కాదు, గొంతులో ముల్లులా ఉంటుంది. కానీ ఆ రోజు చేయాల్సింది బ్యాంకుకి ఫోన్ చేయడం, కార్డు ఆపించడం, ఆన్‌లైన్ మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చేసి చెప్పడం. తిట్టడానికి వచ్చేవారం కూడా ఉంటుంది. నిజానికి వచ్చేవారానికి తిట్టాలనిపించదు, అది వేరే లాభం.

అక్కడితో అయిపోలేదు. ఎగిరి స్నేహితుడైన హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి వెళ్లారు. ఎలుక మొదట చిత్రగ్రీవుడి కట్లు కొరకబోయింది. 'ముందు వీళ్లవి కొరుకు, తర్వాత నావి' అన్నాడు. ఎలుక పళ్లు అరిగిపోతాయేమో, నా వంతు వచ్చేసరికి ఓపిక అయిపోతుందేమో అని తెలిసే అన్నాడు. ఇందులో ఇంటిపెద్దలకి రెండు సంగతులున్నాయి. ఒకటి, వద్దన్నా కూడా దిగినవాళ్లతో తనూ దిగాడు, పైన కూర్చుని 'అనుభవించండి' అనలేదు. రెండోది, ఆపద రాకముందే ఎలుకతో స్నేహం ఉంది. చిన్న ప్రాణి అని పక్కన పెట్టలేదు. మీ ఫోన్‌లో ఎలక్ట్రీషియన్ నంబరు ఉందా, ఉంటే పండక్కి ఎప్పుడైనా పలకరించారా?

గబగబా కొన్ని

సోమశర్మ తండ్రి కథ. పేలపిండి కుండ పైన వేలాడదీసుకుని, కింద పడుకుని, పిండి అమ్మి మేకల్ని, మేకలమ్మి ఆవుల్ని, ఆఖరికి ఇల్లు, పెళ్లి, కొడుకు సోమశర్మ దాకా వెళ్లాడు. పిల్లాణ్ని పట్టించుకోలేదని భార్యని తన్నబోయాడు, కుండ పగిలింది. కలలు కనొద్దు అంటారు దీనికి. కలలు కంటే ఏం పోయింది, పిండి పిండిలాగే ఉండేది. లేని భార్య మీద కోపం తెచ్చుకుని ఉన్న కుండ పగలగొట్టుకున్నాడు, అదీ నష్టం. ఇంకా రాని ప్రమోషన్ గురించి, ఇంకా పుట్టని మనవడి పేరు గురించి రాత్రి పదకొండింటికి మీ ఇంట్లో గొడవ జరుగుతుంటే ఎవరో ఒకరు 'కుండ' అనండి. మా ఇంట్లో పనిచేస్తోంది.

ముంగిస కథ తెలుసు కదా, పాముని చంపి మూతికి రక్తంతో ఎదురొస్తే, బిడ్డని చంపిందనుకుని తల్లి నీళ్లబిందె దాని మీద వేసేసింది. ఉయ్యాల పక్క గదిలోనే ఉంది. పది అడుగులు. ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ చూసి ఒళ్లు మండినప్పుడు, జవాబు టైప్ చేసే ముందు ఆ పది అడుగులు ఏమిటో వెతకండి, చాలాసార్లు అది ఒక ఫోన్ కాల్.

కుందేలు తాబేలు నాకు ఏమీ ఇవ్వలేదు, ఎంత పిండినా. మీకు ఏమైనా దొరికితే అదృష్టవంతులు.

ఆవు పులి కథ మీద నాకు చాలాకాలం కోపం. మాటిచ్చానని చావడానికి తిరిగి వెళ్లడం ఏంటి, అన్ని పులులూ ఆ పులిలా వదిలేస్తాయా? మన తెలుగులో అనంతామాత్యుడు భోజరాజీయంలో ఈ కథని ఎంతో వివరంగా చెప్పాడు, కళ్లు తడవకుండా చదవలేం, అయినా నా కోపం పోలేదు. తర్వాత నాన్నగారు పోయి, ఏ బీమా కాగితం ఎక్కడుందో, ఏ బ్యాంకులో ఏముందో తెలియక నాలుగు నెలలు తిరిగాక ఒకటి కనపడింది. ఆవు ఆ కాస్త గడువుని దేనికి అడిగింది? దూడకి కడుపునిండా పాలిచ్చి, తను లేకుండా ఎలా బతకాలో చెప్పడానికి. పులి ఎదురుపడకముందే మనకి ఆ గడువు చేతిలో ఉంది. ఒక నోటు పుస్తకం కొని రాసేయండి, ఖాతాలు, నామినీలు, అప్పులు, ఎవరు మనకి బాకీ, మనం ఎవరికి బాకీ. ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.

ఇక పేదరాశి పెద్దమ్మ. ఏ రాకుమారుడైనా కొత్త ఊరికి వెళ్తే ముందు కోటకి వెళ్లడు, పెద్దమ్మ ఇంట్లో దిగుతాడు. ఆవిడ అన్నం పెడుతూ ఊరి సంగతులన్నీ చెప్తుంది, రాజెలాంటివాడు, ఏ వీధికి వెళ్లకూడదు, రాకుమార్తెకి ఉన్న చిక్కేమిటి. డల్లాస్ వెళ్లినా, దుబాయ్ వెళ్లినా, కొత్త ఆఫీసులో చేరినా మొదటి వారం పని పెద్దమ్మని వెతుక్కోవడమే. సాధారణంగా ఆవిడకి పెద్ద హోదా ఉండదు, ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్న మనిషి అయ్యుంటారు. ఒక్కటి మర్చిపోకండి, రాకుమారుడు ఆవిడకి ఊరికే రుణపడి ఉండడు, వరహా చేతిలో పెడతాడు.

ఒక జాగ్రత్త

ఇలా దొరికినవాటిని ఇతరుల మీద విసరకండి. భార్యతోనో, భర్తతోనో తగువు మధ్యలో 'నువ్వు ఆ పింగళకుడిలా ఉన్నావు' అంటే కథ పోతుంది, భోజనం కూడా పోతుంది. పిల్లలకి చెప్పేటప్పుడు మీ కొత్త అర్థాలు అసలు చెప్పకండి. వాళ్లకి చీమ కుట్టడమే కావాలి, చివర్లో చక్కిలిగింతలు కావాలి, అవి ఇవ్వండి. వాళ్లకి నలభై వచ్చినప్పుడు వాళ్లు తడబడే చోటు వాళ్లది.

వారానికి ఒక కథ చాలు. ఒక్కరే చేయడం కష్టంగా ఉంటే బేతాళ కథలతో మొదలుపెట్టండి, అవి ఈ పనికే పుట్టాయి. 1947 జులైలో చందమామ మొదలైన తర్వాత దశాబ్దాల పాటు నెలకొకటి చొప్పున బేతాళ కథలు వచ్చాయి, ఇంటింటా చదివారు. పద్ధతి ఏమిటంటే, బేతాళుడు ప్రశ్న అడిగి, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది అన్న చోట పేజీ మూసేయండి. తప్పు ఎవరిదో, ఎవరు గొప్పో, ఇంట్లో ఇద్దరూ విడివిడిగా రెండేసి వాక్యాల్లో కారణంతో సహా చెప్పండి. ఆ తర్వాతే రాజు జవాబు చదవండి. రాజుతో మీ జవాబు కలవకపోవడం పెద్ద విషయం కాదు, ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి జవాబుతో మీ జవాబు కలవనప్పుడు మాత్రం కాసేపు కూర్చుని మాట్లాడుకోండి, అక్కడ కథకన్నా ఎక్కువ దొరుకుతుంది.

ఇంతకీ పాత సంస్కృత బేతాళ కథల్లో విక్రమార్కుడు చివరికి ఎలా గట్టెక్కాడో చాలామందికి గుర్తుండదు. తండ్రీ కొడుకులు దారిలో ఇద్దరు ఆడవాళ్ల అడుగుజాడలు చూసి, పెద్ద పాదాలావిడని తండ్రి, చిన్న పాదాలావిడని కొడుకు చేసుకోవాలని ఒప్పందం పెట్టుకుంటారు. తీరా చూస్తే వాళ్లు తల్లీకూతుళ్లు, చిన్న పాదాలు తల్లివి. మాట ప్రకారం పెళ్లిళ్లయ్యాయి. వాళ్లకి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు అని బేతాళుడు అడిగాడు. అన్నిటికీ తడుముకోకుండా తీర్పు చెప్పిన రాజు దీనికి నోరెత్తలేదు. తెలియక ఊరుకున్నాడు, శవంతో నడుస్తూనే ఉన్నాడు. దాంతో బేతాళుడు సంతోషించి, నిన్ను పంపిన ఆ భిక్షువు నిన్నే బలి ఇవ్వబోతున్నాడని అసలు గుట్టు విప్పాడు.

దీన్ని వాడే అవకాశం నాకు పోయిన సంక్రాంతికే వచ్చింది. భోజనాల దగ్గర మా మేనత్తలిద్దరూ, ముప్పై ఏళ్ల కిందటి కాసులపేరు గొడవ మళ్లీ తీసి, 'నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెప్పరా, తప్పెవరిది?' అని ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. నేను తలవంచుకుని రెండో బొబ్బట్టు మీద నెయ్యి వేసుకున్నాను.